ప్రళయకావేరి మనవడు: స.వెం. రమేశ్ కథల్లో బాల్యం, కథకుడి వరుస

వ్యాససంగ్రహం

రచయిత బాల్యానికీ రచనకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించే వ్యాసాలు ఎక్కువగా బాల్యానుభవాలను ఒకవైపు, కథావస్తువులను మరొకవైపు పేర్చి జోడిస్తుంటాయి. బాల్యం కథకుడికి ఇచ్చేది ముఖ్యంగా వస్తువు కాదనీ, ఒక 'వరుస' అనీ, అంటే ఎవరికి ఏమవుతూ విన్నాడో ఆ బంధుత్వస్థానమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తడ, సూళ్ళూరుపేట ప్రాంతాలను ఆనుకొని ఉన్న పులికాట్ సరస్సు నేపథ్యంగా స.వెం. రమేశ్ రాసిన 'ప్రళయకావేరి కథలు' ఇందుకు ప్రధాన ఆకరం. నామిని, మధురాంతకం రాజారాం, తమిళ రచయిత కి. రాజనారాయణన్ రచనలు పోలికకు గ్రహించబడ్డాయి.

కీలకపదాలు: ప్రళయకావేరి, స.వెం. రమేశ్, బాల్యానుభవం, మాండలిక కథనం, పులికాట్, తడ, కథకుడు.

1. ఉపోద్ఘాతం

రచయిత బాల్యం అతని రచనను తీర్చిదిద్దుతుందన్న మాట విమర్శలో చాలా పాతది. అంత సులభంగా దుర్వినియోగమయ్యే మాట కూడా. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'లో వైదిక కుటుంబపు పిల్లవాడు తెలుగు కథవైపు మళ్ళిన తీరును స్వయంగా నమోదు చేశారు కనుక అక్కడ విమర్శకుడికి ఆధారం చేతిలో ఉంది. అటువంటి ఆత్మకథ లేని రచయిత విషయంలో విమర్శ తరచు గానుగెద్దులా తిరుగుతుంది. కథలోని పిల్లవాణ్ణి చూసి రచయిత బాల్యాన్ని ఊహిస్తారు, ఊహించిన ఆ బాల్యంతోనే మళ్ళీ కథను వివరిస్తారు. కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

ఫ్రెంచి విమర్శకుడు సేంత్ బవ్ రచయిత జీవితం తెలిస్తే రచన తెలుస్తుందన్న పద్ధతికి పేరుమోశాడు. మనిషిగా నలుగురిలో తిరిగే వ్యక్తి వేరు, రాసే వ్యక్తి వేరు అని మార్సెల్ ప్రూస్ట్ దానిని ఖండించాడు. ఆ ప్రూస్టే బాల్యస్మృతుల మీద బృహన్నవల నిర్మించాడన్నది గమనించవలసిన సంగతి. అంటే బాల్యానికి రచనలో స్థానం లేదని ఆయన అనలేదు. బాల్యాన్ని రచనలోనే వెతకాలన్నాడు. ఈ వ్యాసం ఆ మార్గాన్నే అనుసరిస్తుంది. స.వెం. రమేశ్ వ్యక్తిగత జీవిత వివరాలు ఇక్కడ ఆధారాలు కావు. 'ప్రళయకావేరి కథలు'లో మాట్లాడే పిల్లవాడు, అతని చుట్టూ ఉన్న పెద్దలు, వాళ్ళ భాష ఇక్కడ ఆధారాలు.

తెలుగులో 'వరుస' అన్న మాటకు క్రమమనీ బంధుత్వమనీ రెండర్థాలున్నాయి. ఊళ్ళో కొత్తగా ఎదురైన మనిషితో మాట కలపాలంటే ముందు వరుస తేలాలి. అన్నయితే ఒక తీరు, బావయితే మరొక తీరు, మామయితే ఇంకొక తీరు. ఏ మాట అనవచ్చు, ఏ మాట అనకూడదు, ఎవరి ముందు ఎంతసేపు కూర్చోవచ్చు అన్నవన్నీ వరుసే నిర్ణయిస్తుంది. కథ వినడానికీ ఈ నియమం వర్తిస్తుంది. తండ్రి కొడుక్కు చెప్పే సంగతులు తాత మనవడికి చెప్పడు. తాత మనవడికి చెప్పేవి కొడుక్కు చెప్పే అవసరం రాదు. బాల్యంలో ఏ వరుసలో కూర్చొని లోకాన్ని విన్నాడో రచయిత పెద్దయి కథ చెప్పేటప్పుడు ఆ వరుసనే ఎంచుకునే అవకాశం ఎక్కువ. 'ప్రళయకావేరి కథలు' ఈ ప్రతిపాదనకు బలమైన నిదర్శనం.

2. నీళ్ళ మధ్య నేల

పులికాట్ సరస్సుకు పాత తెలుగు పేరు ప్రళయకావేరి. ఒడిశాలోని చిలికా తరువాత భారతదేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. తూర్పున సముద్రానికీ సరస్సుకూ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుకట్టలా ఉంటుంది. పడమట సూళ్ళూరుపేట, తడ. లోపల ఇరకం, వేనాడు వంటి దీవులు. తడ మండలంలోని భీమునివారిపాలెం నుంచి ఇరకానికి పడవ మీద పోవాలి. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదుల నీళ్ళు ఇందులో కలుస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండి ఉప్పదనం తగ్గుతుంది. ఎండాకాలంలో ఉత్తరభాగం చాలామేరకు ఎండి నేల బయటపడుతుంది. పడవ నడిచిన చోటనే కొన్ని నెలల తరువాత మనిషి నడుస్తాడు. చలికాలంలో ఫ్లెమింగోలు ఈ లోతులేని నీళ్ళను వెతుక్కుంటూ వస్తాయి.

ఈ ప్రాంతం పాలనాపరమైన గీతల కింద పలుమార్లు నలిగింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు సరిహద్దు తడకు దక్షిణంగా వచ్చింది. 1960 ఏప్రిల్ 1న జరిగిన సరిహద్దు సవరణలో సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోకి, తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి మారాయి. సరస్సు మాత్రం రెండు రాష్ట్రాల మధ్య పంచబడి ఉండిపోయింది. 2022 ఏప్రిల్‌లో సూళ్ళూరుపేట, తడ మండలాలు నెల్లూరు జిల్లా నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. భాషాశాస్త్రం ఈ గీతలను లెక్కచేయదు. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగుకు గుర్తించిన నాలుగు మాండలిక మండలాల్లో నెల్లూరు, రాయలసీమ రెండూ దక్షిణ మండలంలోనే ఉన్నాయి. తడ మాటకూ తిరుపతి మాటకూ ఉన్న చుట్టరికం జిల్లా మారకముందే ఉన్నదన్నమాట.

3. మనవడి వరుస

'ప్రళయకావేరి కథలు' ఇరవైయొకటో శతాబ్దపు తొలి దశకంలో పుస్తకరూపంలో వచ్చాయి. ఇవి ఉత్తమపురుషలో నడిచే కథలు. చెప్పేవాడు మనవడు. వినిపించేవాళ్ళు అవ్వాతాతలు, వాళ్ళ ఈడు మనుషులు. ఇందులో గుర్తించదగిన మొదటి సంగతి కథనభాష. మాండలిక కథల్లో చాలాకాలం పాత్రలు తమ యాసలో మాట్లాడేవి, కథకుడు మాత్రం ప్రమాణభాషలో వర్ణించేవాడు. కొటేషన్ గుర్తుల లోపల ఒక తెలుగు, బయట మరొక తెలుగు. పాత్రను ప్రేమిస్తున్నట్టే కనిపిస్తూ ఒక మెట్టు కింద నిలబెట్టే పద్ధతి ఇది. రమేశ్ కథల్లో ఆ గోడ లేదు. అవ్వ మాట్లాడే తెలుగులోనే మనవడు కథ చెబుతాడు.

సమాన భాషలో చెప్పినంత మాత్రాన ఇద్దరి స్థానం ఒకటి కాదు. అవ్వకు తెలిసినదానిని మనవడు అప్పుడప్పుడే తెలుసుకుంటున్నాడు. ఈ తేడా మీదనే కథలు నడుస్తాయి. తెలిసిన మనిషి, తెలియని పిల్లవాడు, మధ్యలో ఒక వస్తువు. ఆ వస్తువు చేప కావచ్చు, చెట్టు కావచ్చు, వంట కావచ్చు, ఆట కావచ్చు. దానికి ఒక పేరు చెప్పబడుతుంది, ఆ పేరు వెనక ఒక పని, ఆ పని వెనక ఒక మనిషి, ఆ మనిషి వెనక కత. సంఘటనల బిగువుతో కథను అంచనా వేసే పాఠకుడికి వీటిలో కొన్ని వదులుగా అనిపించవచ్చు. ఆ వదులు లోపం కాదు, అవ్వ చెప్పే తీరు. పిల్లవాడు మధ్యలో ప్రశ్న వేస్తే కత పక్కదారి పడుతుంది, ఆ పక్కదారిలోనే కొన్నిసార్లు అసలు సంగతి దొరుకుతుంది.

కొడుకు వరుసకూ మనవడి వరుసకూ ఉన్న భేదం ఇక్కడ కీలకం. సేద్యపు ఇంట్లో కొడుక్కు చేరేది పొలం, దానితో పాటు అప్పు, దాయాదుల తగాదా, పశువుల మేత. తండ్రి మాటలో పని పురమాయింపు ఉంటుంది, పని చెడితే తిట్టు ఉంటుంది. మనవడికి ఇవేవీ ఇంకా అంటవు. తాతకు మనవడి నుంచి కావలసింది పని కాదు, చెవి. పని చేయగల వయసు దాటిన పెద్దవాళ్ళకూ, పనికి ఎదగని పిల్లలకూ మధ్య ఉన్న ఈ తీరిక పల్లెటూళ్ళలో కథ పుట్టే చోటు. రమేశ్ కథకుడు ఆ చోటులో కూర్చున్నవాడు. అతని కథల్లోని వెచ్చదనానికీ, ఆ కథల పరిమితికీ కారణం ఇదే. పరిమితి గురించి ముందు చర్చించవలసి ఉంది.

'కాశెవ్వ బోగాతం' అన్న ఒక కథ పేరును పరిశీలిస్తే ఈ వరుస ఎంత లోతుగా పనిచేసిందో తెలుస్తుంది. భాగవతం అవ్వ నోట 'బోగాతం' అయింది. సంస్కృతశబ్దం నుంచి మాట ఎలా మారిందో వ్యాకర్త చెప్పగలడు. కానీ కథకుడు దానిని దిద్దకుండా పేరులో నిలిపాడంటే ఆ ఉచ్చారణను తప్పుగా కాక ఒక మనిషి ఆస్తిగా చూశాడన్నమాట. బడిలో పంతులు దిద్దే మాట అది. మనవడు దిద్దడు. దిద్దే హక్కు అతని వరుసకు లేదు.

4. కొడుకు, పంతులు, మనవడు

ఇప్పటి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన మరి ఇద్దరు కథకుల పక్కన పెట్టి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చ నాకు సాక్షిగా', 'సినబ్బ కతలు', 'మిట్టూరోడి కతలు' రచనల్లోనూ పిల్లవాడి గొంతే ప్రధానం, కథనమంతా మాండలికంలోనే. పైకి రమేశ్‌కూ నామినికీ తేడా లేనట్టే ఉంటుంది. ఇద్దరినీ 'బాల్యస్మృతి కథకులు' అని ఒకే గాటన కట్టిన అభిప్రాయాలకు ఈ పైపై పోలికే కారణం. కానీ నామిని పిల్లవాడు కొడుకు. అతని ఎదురుగా ఉన్నది అమ్మ. ఆమె పనిలో ఉంది, పేదరికంలో ఉంది, కోపంలో ఉంది, నవ్వులోనూ ఉంది. కొడుకు ఆ పనిలో భాగస్వామి. అందుకే నామిని వాక్యం వేగంగా, దెబ్బకు దెబ్బగా నడుస్తుంది. తిట్టుకూ ముద్దుకూ మధ్య విరామం ఉండదు. 'మునికన్నడి సేద్యం' దగ్గరికి వచ్చేసరికి ఆ కొడుకు చూపు రైతు నష్టాల లెక్కగా మారింది. కొడుకు వరుసలో విన్నవాడు పెద్దయి లెక్క అడగడం సహజమే. నామిని విద్యావ్యవస్థ మీద చేసిన పదునైన వ్యాఖ్యలకూ మూలం ఇక్కడే వెతకవచ్చు: బడికి పోయిన కొడుకు ఇంటికి తెచ్చిందేమిటి, ఇంట్లో పోగొట్టుకున్నదేమిటి అన్న ప్రశ్న.

మధురాంతకం రాజారాం (1930-1999) దారి మరొకటి. ఆయన ఉపాధ్యాయుడిగా పనిచేశారు, దామలచెరువులో స్థిరపడ్డారు, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. చిత్తూరు పల్లెల జీవితం ఆయన కథల్లో విస్తారంగా ఉన్నా, కథనం శిష్టవ్యావహారికంలో, నిదానంగా, న్యాయాన్యాయాలు తూచే గొంతుతో సాగుతుంది. ఆ గొంతు ఊరి బడిపంతులుది. పంతులు ఊరికి చెందినవాడే. అయినా అందరి ఇళ్ళనూ కొంచెం దూరం నుంచి చూడగల వెసులుబాటు అతనికి ఉంటుంది. అందరి పిల్లలూ అతని దగ్గరికి వస్తారు, ఏ ఇంటి తగాదాలోనూ అతను పూర్తిగా కక్షిదారు కాడు. రాజారాం విషయంలో బాల్యం కంటే వృత్తే కథకుడి స్థానాన్ని ఎక్కువగా నిర్ణయించిందని చెప్పడం సబబు. ప్రతి రచయితకూ బాల్యమే తాళంచెవి అన్న సాధారణీకరణకు ఆయన కథలు తగిన అభ్యంతరం.

ముగ్గురూ ఒకే దక్షిణ మండలపు తెలుగులో మసలినవారు. ముగ్గురి వాక్యాలు మూడు రకాలు. ప్రాంతం ఒక్కటే రచయితను తయారుచేస్తుందన్న వాదం ఇక్కడ చాలదు. ఆ ప్రాంతంలో అతను ఎవరికి ఏమయ్యాడు అన్నది కూడా చూడాలి.

5. దొరువు: ఒక మాటలో ఒక నేర్పు

మనవడి వరుసలో విన్నవాడికి లోకం ముందుగా పేర్ల రూపంలో అందుతుంది. ప్రళయకావేరి కథల మీద తరచు వినవచ్చే ఆక్షేపణ కూడా ఈ పేర్ల గురించే. చేపల పేర్లు, గడ్డి పేర్లు, వంటల పేర్లు కథను జాబితాగా మారుస్తున్నాయని ఆ ఆక్షేపణ సారాంశం. దీనికి సమాధానం వెతకాలంటే ఒక్క మాటనైనా దగ్గరగా చూడాలి.

'దొరువు' నెల్లూరు తీరంలో వాడుకలో ఉన్న మాట. ఇసుకనేలలో తవ్వి నీళ్ళు ఊరనిచ్చే గుంట అని అర్థం చెప్పుకోవచ్చు. శ్రీహరికోట ఉత్తరం వైపు సరస్సు ముఖద్వారం దగ్గర 'రాయదొరువు' అన్న పేరులోనూ ఈ మాట ఉంది. చుట్టూ ఉప్పునీళ్ళున్న దీవిలో మంచినీళ్ళు ఎక్కడివి? వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలచని పొరలా తేలి నిలుస్తుంది. నిదానంగా తోడుకుంటే ఆ తీపిపొర దొరుకుతుంది. ఆశపడి లోతుగా తవ్వితే, ఎక్కువ తోడితే, కిందనున్న ఉప్పునీరు పైకి వస్తుంది, గుంట పాడవుతుంది. కనుక దొరువు బావి వంటిది కాదు. ఎంత లోతు తవ్వాలో, ఎంతటితో ఆగాలో ఆ మాటలో ఇమిడి ఉంది. 'బావి' అనో 'గుంట' అనో ప్రమాణభాషలోకి మారిస్తే అర్థం పోదు గాని ఆ నేర్పు పోతుంది. దీవి మీద అవ్వాతాతలు మనవడికి ఇటువంటి మాట చెప్పినప్పుడు పదసంపదను ఇవ్వడం లేదు. అక్కడ బతకడానికి కావలసిన కొలతను ఇస్తున్నారు.

ఈ కోణంలో చూస్తే కథల్లోని పేర్లన్నీ ఒకే రకమైనవి కావని తెలుస్తుంది. కొన్ని పేర్లు కథలో పనిచేస్తాయి, అంటే ఆ పేరు తెలిసిన తరువాత పిల్లవాడి నడక మారుతుంది. మరికొన్ని కేవలం గుర్తుంచుకోవాలన్న ఆత్రంతో వచ్చి చేరినవి. వరుసగా పది పేర్లు వచ్చినచోట పాఠకుడి శ్రద్ధ సడలుతుందని ఒప్పుకోవాలి. అవ్వ పది పేర్లు ఏకబిగిన చెప్పదు, ఒక్కో పేరు దాని సమయం వచ్చినప్పుడు చెబుతుంది. అందువల్ల జాబితా కనిపించిన ప్రతిచోటా మాట్లాడుతున్నది మనవడు కాదనీ, పెద్దయిన సేకర్త అనీ గుర్తుపట్టవచ్చు. ఈ రెండు గొంతులూ పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. వీటిని వేరుచేసి చూడని విమర్శ, పొగిడినా తెగిడినా, సగమే చూస్తుంది.

మార్క్ ట్వేన్ అనుభవం ఇక్కడ పోల్చదగినది. మిసిసిపీ ఒడ్డున హానిబల్ అనే ఊళ్ళో పెరిగిన ఆయన తరువాత ఆ నది మీదనే స్టీమరు పైలట్ అయ్యాడు. 1883లో వచ్చిన 'లైఫ్ ఆన్ ది మిసిసిపీ'లో, నదిని చదవడం నేర్చుకున్న తరువాత దాని అందం తనకు దూరమైందని వాపోయాడు. నీటి మీద మడత కనిపిస్తే ఒకప్పుడు అబ్బురం, తరువాత కింద రాయి ఉన్నదన్న హెచ్చరిక. జ్ఞానం ఆశ్చర్యాన్ని మింగింది. ప్రళయకావేరి మనవడికి ఇది ఎదురుగా జరిగింది. పేరు తెలిసినకొద్దీ ఆశ్చర్యం పెరిగింది. ట్వేన్ నదిని వృత్తి కోసం నేర్చుకున్నాడు, గురువు నుంచి, తప్పు చేస్తే ఓడ మునుగుతుందన్న భయంతో. మనవడు ఒడిలో కూర్చొని నేర్చుకున్నాడు. నేర్పినవారి వరుస మారితే నేర్చుకున్నదాని రుచి కూడా మారుతుంది.

6. చూపుకు ఉన్న హద్దు

ఒడిలో కూర్చున్న పిల్లవాడికి కనిపించనివి కూడా ఉంటాయి. ఈ విషయంలో 'ప్రళయకావేరి కథలు' మీద వచ్చిన ప్రశంస తగినంత జాగ్రత్త చూపలేదు. పోయిన మంచి రోజుల అందమైన చిత్రమని మెచ్చుకోవడం తేలిక. ఆ రోజులు ఎవరికి ఎంత మంచివి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

పులికాట్ దక్షిణభాగంలో 'పాడు' అనే పద్ధతి ఉంది. ఏ వేటస్థలంలో ఏ రోజు ఎవరు వల వేయాలన్నది వంతుల ప్రకారం నిర్ణయమవుతుంది. ఆ వంతులో పేరుండాలంటే పుట్టుక ముఖ్యం. సరస్సును కలహాలు లేకుండా పంచుకోవడానికి తరతరాలుగా ఏర్పరచుకున్న తెలివైన ఏర్పాటు ఇది. వంతు లేనివాళ్ళను ఒడ్డునే నిలబెట్టే ఏర్పాటూ ఇదే. యానాదులు ఈ తీరంలో చాలా పాత నివాసులు. అడవి, నీరు, దుంప, చేప గురించి వారికున్న జ్ఞానం అపారం. నేల మీద, వేటస్థలం మీద వారికి దక్కిన హక్కు స్వల్పం. అవ్వాతాతల గడప లోపల నుంచి చూసే పిల్లవాడికి వచ్చిపోయే మనుషులందరూ చుట్టాల్లాగే కనిపిస్తారు. ఎవరు వాకిట్లో ఆగారు, ఎవరు లోపలికి వచ్చారు అన్నది అతను చూస్తాడు గాని ఎందుకని అడగడు. ఆ ప్రశ్నకు అవ్వ జవాబు చెప్పకపోవచ్చు కూడా.

దీనిని రచయిత లోపంగా కొట్టిపారేయడం సరికాదు. మనవడి వరుసను ఎంచుకోవడం అంటే ఆ వరుసకున్న మౌనాలను కూడా స్వీకరించడం. అయితే విమర్శకుడు ఆ మౌనంలో పాలుపంచుకోనవసరం లేదు. మనవడి కథ పక్కన వంతు లేని జాలరి కొడుకు కథ, శ్రీహరికోట నుంచి లేచిపోయిన యానాది పిల్ల కథ ఎలా ఉండేవో ఊహించుకుంటూ చదవడం ఈ పుస్తకాన్ని తక్కువ చేయడం కాదు, దాని హద్దును గీయడం. హద్దు తెలిసినప్పుడే లోపల ఉన్నదాని విలువ కూడా తెలుస్తుంది.

శ్రీహరికోట ప్రస్తావన మరొక కారణం చేత కూడా అవసరం. 1969లో రాకెట్ ప్రయోగకేంద్రం కోసం ఆ దీవి ఎంపికైంది. 1971 అక్టోబరు 9న రోహిణి రాకెట్ ప్రయోగంతో కేంద్రం పని మొదలైంది. దీవి నుంచి జనం తరలిపోయారు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును చీలుస్తూ రోడ్డు పడింది. దేశానికి గర్వకారణమైన ఆ కేంద్రం గురించి తెలుగు పిల్లలు పాఠాల్లో చదువుతారు. ఆ రోడ్డుకు రెండువైపులా నీటి నడక ఎలా మారిందో పాఠాల్లో ఉండదు. ప్రళయకావేరి కథల్లో తరిగిపోయిన లోకం పట్ల కనిపించే దుఃఖాన్ని కేవలం వయసు తెచ్చిన బెంగగా చదవరాదు. బాల్యం అందరికీ పోతుంది. బాల్యం గడిచిన నేల కాళ్ళకింద నుంచి జరిగిపోవడం మాత్రం అందరికీ జరగదు. వ్యక్తిగతమైన బెంగ, చరిత్రలో జరిగిన నష్టం ఈ కథల్లో ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. వీటి బలం ఆ కలయికలోనే ఉంది.

7. ఇతరుల అవ్వల దగ్గర

బాల్యంలో ఏర్పడిన వరుస ఒక పుస్తకంతో తీరిపోతే దానిని రచయిత వికాసమని పిలవడం కష్టం. రమేశ్ తరువాతి సంపుటి 'కతలగంప' ఈ దృష్టితో ముఖ్యమైనది. అందులోని కథలు ప్రళయకావేరిని దాటి, ఆంధ్రప్రదేశ్ ఎల్లలను కూడా దాటి, తెలుగు మాట్లాడే ఇతర నేలలకు పోతాయి. ఆ నేలల్లో రచయిత అవ్వాతాతలు లేరు. అయినా కథకుడు అధికారిగానో పరిశోధకుడిగానో కాక వినడానికి వచ్చినవాడిగానే ప్రవేశిస్తాడు. ప్రతి యాసనూ దాని సొంత నుడికారంతో రాయాలన్న పట్టుదల, 'కథ' అనక 'కత' అనడం, అచ్చతెలుగు మీద మక్కువ, ఇవన్నీ మొదటి పుస్తకంలోని మనవడు పెద్దయి తెచ్చుకున్న అలవాట్లు. బయటి రాష్ట్రాల తెలుగువారి భాష కోసం ఆయన చేస్తున్న కృషి కూడా ఇదే వరుసకు కొనసాగింపుగా చూడవచ్చు. తన అవ్వ మాటను దిద్దనివాడు ఇతరుల అవ్వల మాటను కూడా దిద్దనీయకూడదనుకున్నాడు.

ఈ మార్గంలో ముందు నడిచిన మనిషి కి. రాజనారాయణన్. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ ఆయన ఊరు. ఇంటి భాష తెలుగు, రాసిన భాష తమిళం. 'గోపల్ల గ్రామం' నవలలో తెలుగు కుటుంబాలు దక్షిణానికి వలసపోయి నల్లరేగడి నేలలో ఊరు కట్టుకున్న వైనాన్ని చెప్పారు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. బడిచదువు పెద్దగా లేని ఈ రచయిత కరిసల్ ప్రాంతపు మాండలిక నిఘంటువును కూర్చారు, జానపద కథలను పోగుచేశారు. కథకుడు, పదసేకర్త ఒకే మనిషిలో ఉండడం రమేశ్‌తో ఆయనకున్న పోలిక. తేడా కూడా ఉంది. రాజనారాయణన్ పదాలకు వేరుగా నిఘంటువు ఉంది కనుక కథకు ఆ భారం తగ్గింది. ప్రళయకావేరి తెలుగుకు అటువంటి నిఘంటువు లేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయపదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం పనికి ఒక పద్ధతిని చూపింది గాని, ఉప్పునీటి సరస్సు మీద బతికేవారి మాటలన్నిటినీ ఆ ఒక్క ప్రయత్నం చేరదీయలేదు. నిఘంటువు చేయవలసిన పనిని కథ భుజాన వేసుకున్నది. రమేశ్ కథల్లో జాబితాలు పెరగడానికి ఇదొక కారణం. నేరం మోపవలసి వస్తే కథ మీద కాక, ఆ పని చేయని విద్యాసంస్థల మీద మోపాలి.

8. చదవగల మనవళ్ళు

ఈ కథలు ఎవరికోసం అన్న ప్రశ్న మిగిలింది. కోస్తా, తెలంగాణ పాఠకుడు కొన్ని పేజీల పాటు తడబడి, ఆపైన చెవి అలవాటుపడి ముందుకు పోతాడు. అతనికి ఇది తెలియని తెలుగును నేర్చుకునే అవకాశం. అవ్వ ముందు కూర్చున్న మనవడి స్థితి కొంతసేపు అతనికీ కలుగుతుంది.

సరస్సుకు దక్షిణపు ఒడ్డున సంగతి వేరు. ఆరంబాక్కం దాటి గుమ్మిడిపూండి, పొన్నేరి వైపు తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలున్నాయి. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి మొదటిభాష అయింది. ఆ క్రమంలో చదివిన పిల్లలు 2016 నాటికి పదో తరగతికి చేరారు. ఇంట్లో అవ్వతో తెలుగులో మాట్లాడి, ఆ తెలుగును అచ్చులో చదవలేని పిల్లలు ఆ ఒడ్డున ఉన్నారు. 'ప్రళయకావేరి కథలు'లోని ప్రతి మాట వాళ్ళకు వింటే తెలుస్తుంది. నిఘంటువు వెతకనవసరం లేని పాఠకులు వాళ్ళే. పుస్తకం తెరిస్తే అక్షరం తెలియదు. తడ ఒడ్డున ఉన్న పిల్లలకు అక్షరం తెలుసు. ఇంగ్లీషు మాధ్యమపు బడి, పడవ బదులు బస్సు, దొరువు బదులు ప్లాస్టిక్ క్యాను నీళ్ళ మధ్య పెరుగుతున్న వాళ్ళకు ఆ మాటలు ఎంతవరకు తెలుసో ఎవరూ కొలిచి చూడలేదు. తిరుపతిలోని విశ్వవిద్యాలయాలకు ఇప్పుడు ఈ సరస్సు సొంత జిల్లాలోనే ఉంది. క్షేత్రపర్యటనకు సూళ్ళూరుపేటలో రైలు దిగి, భీమునివారిపాలెం రేవులో పడవ ఎక్కితే చాలు. ఈ కథల్లోని ఒక్కొక్క మాటనూ ఇరకంలోనో వేనాడులోనో ఇంకా వాడుతున్నారా, వాడితే ఏ ఈడువాళ్ళు వాడుతున్నారు అని నమోదు చేసే పని అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.